మూడు కిలోలు తగ్గడానికి 160 ఏళ్ళు పట్టింది

మొన్న మార్చిలో ఒక రాత్రి. కల్లంలో మిరపకాయ ఆరబోసి ఉంది. పదకొండున్నర దాటాక పడమటి దిక్కున మెరుపులు మొదలైనయి. మా కల్లం ఊరికి మూడు కిలోమీటర్లు. పట్టాలన్నీ అక్కడే మడతపెట్టి ఉన్నాయి, కప్పాల్సిన నేను మాత్రం ఇంట్లో మంచం మీద ఉన్నా. లేచి బుల్లెట్ తాళం తిప్పి సెల్ఫ్ నొక్కితే "టక్... టక్... టక్" అంది. మళ్ళీ నొక్కితే ఆ చప్పుడు కూడా లేదు.

నాది 2014 బండి. కిక్ ఉంది కానీ నాలుగేళ్ళ కింద అదే కిక్ ఎదురుతన్ని మోకాలు పోయింది. డాక్టరు గారు "ఇంక కిక్ జోలికి పోవద్దు" అని గట్టిగా చెప్పారు. పక్కింటి కుర్రాడిని లేపితే వాడొచ్చి పది కిక్కులు కొట్టాడు, లేవలేదు. చివరికి వాళ్ళ తాత పాత టీవీఎస్ 50 బయటికి తీసి, నాలుగు పెడళ్ళు తొక్కితే బుర్రుమని లేచింది. దాని మీదే పోయాం. మేం పోయేసరికి వాన మొదలై పావుగంట అయింది. పైపొర అంతా తడిసింది. తర్వాత ఎంత ఎండబెట్టినా రంగు రాలేదు, సగం కాయ తాలులో కలిసింది. మిరప వేసినవాళ్ళకి ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు.

తెల్లారి హైదరాబాద్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. విషయం విని "మావా, ఆ సీసం బ్యాటరీలు ఇంకెన్నాళ్ళు? లిథియం పెట్టించు. నాలుగు కిలోల డబ్బా పోయి కిలో డబ్బా వస్తది. సెల్ఫ్ కొడితే తుపాకీ పేలినట్టు లేస్తది" అన్నాడు. రేటు కనుక్కుంటే సీసం బ్యాటరీకి కొన్ని రెట్లు ఉంది. సరే, అంత డబ్బు పెట్టేముందు అసలు ఈ బ్యాటరీ సంగతేంటో తెలుసుకుందామని రోజూ రాత్రిపూట కూర్చుని చదివా. చదివే కొద్దీ అది పెద్ద కథ. మీకూ పనికొస్తదని రాస్తున్నా. కొంచెం పొడుగే, తీరిగ్గా చదవండి.

ముందు ఆ టీవీఎస్ 50 సంగతి. అందరికన్నా ముసలిదైన ఆ బండి ఆ రాత్రి ఎందుకు లేచింది? దానికి బ్యాటరీయే లేదు కాబట్టి. చక్రంలో అయస్కాంతాలు తిరుగుతుంటే దాని పక్కనున్న తీగచుట్టలో కరెంటు పుట్టి స్పార్క్ ఇస్తుంది. దాన్నే మాగ్నెటో అంటారు. నెమ్మదిగా పోతే లైటు మిణుకు మిణుకుమనేది, రేస్ ఇస్తే వెలిగేది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తొలినాళ్ళ మోటారు సైకిళ్ళు చాలావరకు ఇదే పద్ధతి. 1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ హై-టెన్షన్ మాగ్నెటో తయారుచేశాక ఇంజను నడవడానికి బ్యాటరీ మోసుకు తిరగాల్సిన పని లేకుండా పోయింది. నడిపే మనిషి కాలే దానికి బ్యాటరీ.

మరి బ్యాటరీ బండిలోకి ఎందుకు వచ్చింది? కాళ్ళూ చేతులూ విరుగుతున్నాయి కాబట్టి. ఆ రోజుల్లో కార్లకి ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఇంజను ఎదురు తిరిగితే మణికట్టు విరిగేది, దవడ పగిలేది. మన పాత ఆయిల్ ఇంజన్లకి హ్యాండిల్ కొట్టినవాళ్ళకి ఆ భయం తెలుసు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఇంజను తిప్పేంత మోటారు పెట్టాలంటే అది పెద్దదై పోతుందని అప్పటిదాకా అందరి లెక్క. ఆయన ఏమన్నాడంటే, ఈ మోటారు రోజంతా తిరగక్కర్లేదు, కొన్ని సెకన్లు తిరిగితే చాలు. కొన్ని సెకన్లకైతే చిన్న మోటారు మీద కూడా మోయలేనంత బరువు వేయొచ్చు. 1912లో క్యాడిలాక్ కారులో అది వచ్చింది. ఆ కొన్ని సెకన్లకి కావలసిన భారీ కరెంటు ఇవ్వడానికి ఒక బలమైన బ్యాటరీ కావాల్సి వచ్చింది. ఈ "కొన్ని సెకన్లు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. లిథియం డబ్బా మీద వేసే అంకెలకి అదే మూలం.

మోటారు సైకిళ్ళకి ఆ బటన్ సావకాశంగా వచ్చింది. హార్లీ డేవిడ్‌సన్ పెద్ద బండికి 1965లో ఎలక్ట్రా గ్లైడ్ మోడల్‌తో వచ్చింది. హోండా సీబీ 750 1969లో సెల్ఫ్‌తోనే పుట్టింది. మనకి 1984లో కైనెటిక్ హోండా స్కూటర్ వచ్చినప్పుడు, బటన్ నొక్కితే లేచే బండి చూడ్డానికి జనం మూగేవాళ్ళు.

ఆ బ్యాటరీలన్నిట్లో ఉన్నది సీసమే. దాన్ని కనిపెట్టింది 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే. రెండు సీసం రేకుల్ని మధ్యలో అడ్డం పెట్టి చాప చుట్టినట్టు చుట్టి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచాడు. కరెంటు ఎక్కిస్తే నిలవుంచుకుంది, అడిగితే తిరిగి ఇచ్చింది. మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకోగలిగిన మొదటి బ్యాటరీ అదే. 1881లో అదే దేశంలో కమిల్ ఫోర్ రేకుల మీద సీసం ఆక్సైడు ముద్ద పూసి, ఎక్కువ కరెంటు పట్టేట్టు చేశాడు. మన బండిలో ఇవాళ ఉన్న బ్యాటరీ లోపలికి చూస్తే దాని వంశం అక్కడ మొదలైనదే. ఒక్కో అర రెండు వోల్టుల పైచిలుకు, అలాంటివి ఆరు అరలు, మొత్తం పన్నెండున్నర దాటి.

సీసం మంచిదే, చవక, మొండిది. కానీ బరువు. ఒక లీటరు నీళ్ళు కిలో తూగితే, అంతే పరిమాణం సీసం పదకొండు కిలోలకి పైగా తూగుతుంది. కిలో బ్యాటరీకి 30 నుంచి 40 వాట్-అవర్ల శక్తి దాచుకుంటుంది, అంతకంటే పెద్దగా లాగలేం. పైగా దాన్ని ఖాళీగా వదిలేస్తే పలకల మీద సీసం సల్ఫేటు గట్టిపడిపోయి మళ్ళీ చార్జి తీసుకోదు. వానాకాలం అంతా పాకలో పెట్టిన బండి దసరాకి లేవదే, దానికి కారణం ఇదే.

ఇంకో బాధ నీళ్ళు. పాత బ్యాటరీలకి నెలకోసారి మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్ళం. యాసిడ్ చింది ప్యాంటుకి చిల్లులు పడేవి. 1950ల్లో జర్మనీలో యాసిడ్‌ని జెల్‌గా చేసి మూసేసే పద్ధతి వచ్చింది. 1970ల మొదట్లో అమెరికాలో గేట్స్ రబ్బర్ కంపెనీ వాళ్ళు సన్నటి గాజు నూలు పొరలో యాసిడ్‌ని పీల్చి ఉంచే పద్ధతి తెచ్చారు. ఇవాళ మనం "మెయింటెనెన్స్ ఫ్రీ" అని కొనే బండి బ్యాటరీలు ఎక్కువగా ఆ గాజు నూలు రకమే. నీళ్ళు పోసే బాధ పోయింది, బరువు మాత్రం పోలేదు. ఇంకొకటి కూడా పోయింది. లోపల నీళ్ళు ఆరిపోతే మళ్ళీ పోసే దారి మూసుకుపోయింది. నా కథలో ఈ ముక్కే అసలు దొంగ అని తర్వాత తేలింది.

ఇప్పుడు లిథియం. ఇనుము, రాగి, సీసం ఇలా లోహాలన్నిట్లో తేలికైనది లిథియం. నీళ్ళ మీద తేలుతుంది. తేలికైన లోహంతో బ్యాటరీ చేస్తే బరువు తగ్గుతుందని తెలియడం తేలిక, దాన్ని అదుపులో పెట్టడం కష్టం. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ వేరే దారులు వెతికింది. అక్కడ పనిచేసిన స్టాన్లీ విట్టింగ్‌హామ్ 1970ల్లో లిథియం బ్యాటరీ చేశాడు. అది అంటుకునేది. చార్జి చేసినప్పుడల్లా లిథియం వెంట్రుకల్లా మొలిచి అవతలి పలకని తాకేది. 1980లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ బృందం కోబాల్ట్ ఆక్సైడు వాడి ఎక్కువ వోల్టేజీ తెచ్చింది. 1985లో జపాన్‌లో అకిరా యోషినో లిథియం లోహం బదులు కార్బన్ వాడి ప్రమాదం తగ్గించాడు. 1991లో సోనీ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది, ముందుగా చేతి వీడియో కెమెరాల కోసం. ఈ ముగ్గురికీ 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97.

మరి 1991లోనే వచ్చిన బ్యాటరీ మన బండికి అప్పుడే ఎందుకు రాలేదు? ఇది నాకు కొత్తగా తెలిసిన సంగతి, చాలా నచ్చింది. లెక్క కుదర్లేదు, అంతే. కోబాల్ట్ రకం సెల్ ఒక్కోటి దాదాపు 3.7 వోల్టులు, నిండా చార్జి అయితే 4.2. మూడు కలిపితే నిండినప్పుడు 12.6. బండి చార్జింగ్ 14 వోల్టుల పైన ఉంటుంది కాబట్టి అవి మాడిపోతాయి. నాలుగు కలిపితే నిండడానికి 16.8 కావాలి, బండి అంత ఇవ్వదు. మూడు తక్కువ, నాలుగు ఎక్కువ. చెప్పు సైజు కుదరనట్టు.

ఆ సైజు కుదిర్చింది 1997లో వచ్చిన ఒక పరిశోధన పత్రం. అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీలో అదే గుడెనఫ్, అప్పటికి ఆయనకి 74 ఏళ్ళు, ఖరీదైన కోబాల్ట్ బదులు ఇనుము, ఫాస్ఫేటు కలిపిన పదార్థంతో బ్యాటరీ చేయొచ్చని చూపించారు. ఆ పత్రం మీద ముందున్న పేర్లు రెండూ మన దేశపు పేర్లే: అక్షయ పాఢీ, కె. ఎస్. నంజుండస్వామి. ఇనుము, ఫాస్ఫేటు అంటే మనకి పరాయివి కావు. ఒకటి నాగలి కర్రు, ఇంకోటి డీఏపీ బస్తా. ఈ రకాన్నే ఇప్పుడు ఎల్ఎఫ్‌పీ అంటున్నారు. దీని సెల్ 3.2 వోల్టులు. నాలుగు కలిపితే 12.8. నిండా చార్జి కావడానికి 14.4 చాలు. బండి చార్జింగ్ ఇచ్చేదీ సుమారు అంతే. సీసం కోసం పెట్టుకున్న కొలత దీనికి అచ్చంగా సరిపోయింది. ఎవరూ బండి కోసం చేసింది కాదు, అలా కలిసొచ్చింది.

దానికి ఇంకో గుణం ఉంది. ఫాస్ఫేటు తన ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. కోబాల్ట్ రకం వేడెక్కితే ఆక్సిజన్ వదిలేసి తన మంటకి తనే గాలి ఊదుకుంటుంది. 2013 జనవరిలో బోయింగ్ 787 విమానాల్లో బ్యాటరీలు కాలి ప్రపంచమంతా వాటిని నేల మీద నిలబెట్టేశారు, అవి కోబాల్ట్ రకం. 2022 ఎండాకాలం మన దగ్గర ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలిన వార్తలు చూసి లిథియం పేరంటేనే భయపడ్డాం. అన్ని లిథియాలూ ఒకటి కాదు. ఎల్ఎఫ్‌పీ అసలు అంటుకోదని చెప్పను, తప్పుడు చార్జింగ్ పెడితే ఏదైనా పొగ వదులుతుంది. కానీ దానికి తిక్క రేగాలంటే చాలా ఎక్కువ వేడి కావాలి. బండికి కొనేటప్పుడు డబ్బా మీద ఎల్ఎఫ్‌పీ అనో, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనో ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఊరికే "లిథియం" అని రాసి వదిలేస్తే వదిలేయడమే మంచిది.

మొదట్లో ఈ ఎల్ఎఫ్‌పీకి ఒక జబ్బు ఉండేది. కరెంటు నెమ్మదిగా వదిలేది. రేణువుల్ని చాలా సన్నగా చేసి, పైన కార్బన్ పూత వేస్తే ఆ జబ్బు పోయింది. 2001లో అమెరికాలో మొదలైన ఏ123 అనే కంపెనీ సెల్స్ 2005-06 నాటికి డ్రిల్లింగ్ మెషీన్ల బ్యాటరీల్లోకి వచ్చాయి. ఒక్కసారిగా బోలెడు కరెంటు ఇవ్వగల లిథియం అప్పుడు దొరికింది. కెటరింగ్ అడిగిన "కొన్ని సెకన్ల" పని దీనికి సరిగ్గా సరిపోయింది.

ముందుగా కొన్నవాళ్ళు రేసు వాళ్ళు. 2009 నవంబరులో పోర్షే కార్ల కంపెనీ ఒక ప్రకటన చేసింది. తన 911 జీటీ3 లాంటి వేగపు కార్లకి లిథియం స్టార్టర్ బ్యాటరీ ఇస్తామని. ఆరు కిలోల లోపు బరువు, మామూలు దానికన్నా పది కిలోలు తక్కువ. అందులో రెండు సంగతులు గమనించాలి. 60 ఆంపియర్-అవర్ సీసం బ్యాటరీ స్థానంలో పెట్టిన ఈ లిథియం అసలు కెపాసిటీ 18 మాత్రమే. రెండోది, దానితోపాటు ఒక మామూలు సీసం బ్యాటరీ కూడా ఇచ్చారు, చలి బాగా ఉన్నప్పుడు మార్చుకోమని. అంత పెద్ద కంపెనీ ఆ రెండు మాటలూ దాచకుండా చెప్పింది.

తర్వాత రేసు బైకుల వంతు. బురదలో ఎగిరి దూకే మోటోక్రాస్ బండ్లకి ఒక్కో కిలో లెక్కే. హోండా సీఆర్ఎఫ్ 450ఆర్ 2018 మోడల్‌లో కిక్ రాడ్డు తీసేసి, సెల్ఫ్ పెట్టి, చిన్న లిథియం బ్యాటరీ అమర్చారు. అలాంటి బండికి తేలిక బ్యాటరీ వల్ల మనిషి గెలుస్తాడు, ఓడతాడు. అది వాళ్ళ అవసరం, న్యాయమైన అవసరం.

ఇక్కడ నేను ఆగి నా బుల్లెట్ వంక చూశా. బండి 190 కిలోల దరిదాపు. దాని మీద నేను, వెనక ఒక దాణా బస్తా, పక్కన పాల క్యాను. దీనికి మూడు కిలోలు తగ్గితే ఏంది, పెరిగితే ఏంది? పొద్దున టిఫిన్ మానేస్తే అరకిలో నేనే తగ్గుతా. ఆ మూడు కిలోలు మోసేది ఇంజను, నేను కాదు. మేనల్లుడితో ఈ మాటే అంటే వాడు "బరువొక్కటే కాదు మావా, పవరు చూడు, 14 ఆంపియర్ అవర్‌కి సమానం అని రాసుంది" అన్నాడు.

ఆ "సమానం" దగ్గరే మన జేబుకి చిల్లు. దీనికీ ఒక చరిత్ర ఉంది. 1897లో జర్మనీలో ప్యూకర్ట్ అనే శాస్త్రవేత్త సీసం బ్యాటరీ గుణం ఒకటి లెక్కగట్టాడు. నెమ్మదిగా వాడుకుంటే ఎక్కువ ఇస్తుంది, ఒక్కసారి లాగితే తక్కువ ఇస్తుంది. బిగువు గేదె లాంటిది, నిదానంగా పితికితేనే పాలు. మన బండి బ్యాటరీ మీద 14 ఆంపియర్-అవర్ అని ఉంటే, అది పది గంటల పాటు 1.4 ఆంపియర్ల చొప్పున తీసినప్పటి లెక్క. సెల్ఫ్ కొట్టినప్పుడు లాగే పదుల ఆంపియర్లకి అందులో కొంత భాగమే బయటికొస్తుంది. లిథియం అలా కాదు, ఉన్నదంతా గబగబా ఇచ్చేస్తుంది. కాబట్టి స్టార్ట్ చేసే పనికి మాత్రం 4 ఆంపియర్-అవర్ లిథియం, 14 సీసానికి సాటి వస్తుందని అమ్మేవాళ్ళ వాదన. అది అబద్ధం కాదు, సగం నిజం.

మిగతా సగం బండి ఆగినప్పుడు తెలుస్తుంది. గడియారం, అలారం, కంప్యూటర్ ఉన్న బండి నిలబడి ఉన్నా కాస్త కరెంటు తింటూనే ఉంటుంది. ఉదాహరణకి 5 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. రోజుకి 0.12 ఆంపియర్-అవర్లు. నెలకి 3.6. సీసం 14లో 3.6 పోతే ఇంకా మూడొంతులు దగ్గరగా మిగిలే ఉంటుంది, దాని సొంత తరుగుదల తీసేసినా. "14కి సమానం" అని రాసిన 4 ఆంపియర్-అవర్ లిథియంలో 3.6 పోతే మిగిలేది బూడిద. పైగా లిథియం పూర్తిగా అడుగంటితే పాడవుతుంది, మళ్ళీ చార్జి ఎక్కించినా నమ్మకం లేదు. అందుకని డబ్బా మీద పెద్ద అక్షరాల "సమానం" అంకె చూడొద్దు. చిన్న అక్షరాల్లో వాట్-అవర్లు ఎన్నో ఉంటుంది, దాన్ని 12.8తో భాగిస్తే అసలు కెపాసిటీ వస్తుంది. 51 వాట్-అవర్లు అని ఉంటే అది 4 ఆంపియర్-అవర్ బ్యాటరీ, పక్కన ఏ అంకె రాసినా సరే. వాట్-అవర్లు ఎక్కడా రాయకపోతే కొనకండి.

ఇంకా కొన్ని చూడాలి. లోపల బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ ఉండాలి. నాలుగు సెల్స్‌నీ సమానంగా ఉంచేది, మరీ ఖాళీ కాకుండా ఆపేది అదే. చార్జర్ లిథియందే వాడాలి. సీసం చార్జర్లలో గడ్డకట్టిన సల్ఫేటు కరిగించడానికి వోల్టేజీ పెంచి కొట్టే మోడ్ కొన్నిట్లో ఉంటుంది, అది లిథియానికి విషం. మీటరు లెక్క కూడా మారుతుంది. సీసం 12.7 చూపిస్తే నిండా ఉన్నట్టు. ఎల్ఎఫ్‌పీ నిండా ఉంటే 13.3 దాకా ఉండాలి. 12.8 చూపిస్తే మన మెకానిక్ "ఫుల్లు" అంటాడు, నిజానికి అది అడుగుకి దగ్గరపడినట్టు.

చలి సంగతి. గడ్డకట్టే చలిలో లిథియం మొరాయిస్తుంది, సున్నా కింద చార్జి చేస్తే లోపల దెబ్బతింటుంది కూడా. మన పల్నాడులో ఆ బాధ లేదు. లంబసింగిలో తెల్లారుజామున లేచేవాళ్ళు, బుల్లెట్ వేసుకుని లడఖ్ పోదామనే కుర్రాళ్ళు మాత్రం పోర్షే వాళ్ళు రెండో బ్యాటరీ ఎందుకిచ్చారో గుర్తుచేసుకోవాలి.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది బ్యాటరీ కాదు, బండి. ఇది నేను నేర్చుకున్న ఖరీదైన పాఠం. లిథియం కొందామా వద్దా అని తేల్చుకోలేక టౌన్లో పాత ఎలక్ట్రీషియన్ దగ్గరికి బండి తీసుకుపోయా. పెద్దాయన చచ్చిన బ్యాటరీని బయటికి తీసి చేత్తో నిమిరి "పక్కలు ఉబ్బినయి చూశావా?" అన్నాడు. వేరే బ్యాటరీ పెట్టి, బండి రేస్ చేసి మీటరు పెడితే 15.6 వోల్టులు చూపించింది. పద్నాలుగున్నర దాటకూడదు. "రెగ్యులేటర్ పోయిందయ్యా. బ్యాటరీని రోజూ ఉడకేస్తన్నావు" అన్నాడు.

అప్పుడు లెక్క అర్థమైంది. మూడేళ్ళలో రెండు బ్యాటరీలు మార్చా. ప్రతిసారీ కంపెనీని తిట్టా, షాపువాణ్ణి తిట్టా. పాత రకం బ్యాటరీ అయితే నీళ్ళు తగ్గడం కంటికి కనపడేది, పోసుకునేవాళ్ళం. మూత లేని ఈ రకంలో నీళ్ళు లోపలే ఆరిపోయినయి. అదే బండికి లిథియం పెట్టి ఉంటే? బీఎంఎస్ ఉంటే అది బ్యాటరీని విడదీసి తనని తాను కాపాడుకునేది, ఆ పెరిగిన వోల్టేజీ వెళ్ళి మిగతా వైరింగ్ మీద పడేది. బీఎంఎస్ లేకపోతే ఏం జరిగేదో ఆలోచించడానికి మనసొప్పలేదు. సీసం మొండిది కాబట్టి ఇన్నాళ్ళు ఓర్చుకుంది.

రెగ్యులేటర్ మార్పించా. మళ్ళీ సీసం బ్యాటరీయే పెట్టించా. పాతది షాపులోనే ఇచ్చేస్తే సీసానికి వెల కట్టి తగ్గించారు. లిథియానికి మా టౌన్లో ఆ వెల కట్టేవాడు ఇంకా లేడు, అది కూడా లెక్కలో వేసుకోండి. పాత సీసం బ్యాటరీని పాత ఇనుము వాళ్ళకి మాత్రం వేయకండి, వాళ్ళు ఆరుబయట కరిగిస్తే ఆ పొగ మన పిల్లలకే విషం.

లిథియం ఎవరికీ వద్దని నేను అనడం లేదు. బండి చార్జింగ్ సరిగ్గా ఉండి, రోజూ తిరిగే బండి అయి, ఎల్ఎఫ్‌పీ రకం, అసలు కెపాసిటీ చూసుకుని కొంటే సీసం కన్నా ఎక్కువ ఏళ్ళు వస్తుంది. ఊరికే పక్కన పెడితే తన చార్జి తను చాలా తక్కువ పోగొట్టుకుంటుంది, సల్ఫేటు గొడవ లేదు, యాసిడ్ లేదు. రాబోయే రోజులు దానివే. 1985లో చిత్తూరు జిల్లా రైతు కుటుంబం నుంచి వచ్చిన గల్లా రామచంద్ర నాయుడు గారు మొదలుపెట్టిన అమరరాజా సీసం బ్యాటరీలతోనే పెరిగింది. అదే సంస్థ 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. ఇక్కడే తయారైన రోజున రేటూ దిగుతుంది, పాతది వెనక్కి తీసుకునే షాపూ వస్తుంది.

చివరిగా ఒక మాట. ఇంత చదివాక లిథియం కొనకుండా ఉండలేకపోయా. కొన్నా. బండికి కాదు, మందు కొట్టే పంపుకి.

మా బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉన్న సీసం బ్యాటరీ రెండు కిలోల పైన ఉండేది. పదహారు లీటర్ల మందునీళ్ళతో కలిపి ఆ బరువంతా మోసేది మనిషి వీపు. మా దగ్గర మందు కొట్టడానికి వచ్చే తమ్ముడు సాయంత్రానికి భుజాల మీద పట్టీ అచ్చులు పడి దిగేవాడు. అక్కడ "సమానం" లెక్క పనికిరాదు, గంటల తరబడి నడవాలి కాబట్టి అసలు ఆంపియర్-అవర్లే చూసి ఎల్ఎఫ్‌పీ తెచ్చా, దాని చార్జర్ దానికే కొన్నా. బ్యాటరీ కిలో లోపు. మొదటి రోజు ట్యాంకు తగిలించుకుని నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగి "అన్నా, నీళ్ళు తక్కువ పోశావా?" అన్నాడు.

"లేదురా, నిండానే పోశా" అన్నా.

కల్లంలో మళ్ళీ కాయ పోసేలోపు మీరు ఒక పని చేయండి. బండి స్టార్ట్ చేసి, రేస్ ఇచ్చి, బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి చూపించమని మీ మెకానిక్‌ని అడగండి. రెండు నిమిషాల పని. పద్నాలుగున్నర దాటిందంటే ఏ బ్యాటరీ కొన్నా డబ్బు దండగే.